18 నిండాయని తండ్రి కాలేజీ ఫీజు కట్టనంటే? (ఆంటారియో, కెనడా)

బ్రాంప్టన్_అమ్మ:
మేం విడిపోయి నాలుగేళ్లయింది. బాబు నా దగ్గరే ఉంటాడు, సెప్టెంబర్‌లో వాటర్లూ యూనివర్సిటీలో ఇంజనీరింగ్‌లో చేరుతున్నాడు. ఫీజు, హాస్టల్, పుస్తకాలు కలిపి మొదటి ఏడాదికి 32,000 డాలర్లు తేలింది. "వాడికి 18 నిండాయి, లోన్ తీసుకోమను" అని వాళ్ల నాన్న మెసేజ్ పెట్టారు. మా సెపరేషన్ అగ్రిమెంట్‌లో కాలేజీ మాటే లేదు. ఆయన జీతం 90,000, నాది 60,000. గుంటూరులో అమ్మావాళ్లు కోర్టు గొడవలు వద్దంటున్నారు. బాబేమో చదువు మానేసి ఉద్యోగం చూసుకుంటానంటున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు.

గోదావరి_పిల్ల:
అక్కా, ముందు బాబుకి చెప్పు, సీటు వదులుకోవద్దని. 18 నిండినంత మాత్రాన తండ్రి బాధ్యత పోదు. ఫుల్‌టైమ్ చదువుతూ మీ మీద ఆధారపడి ఉన్న పిల్లలకు, మామూలుగా మొదటి డిగ్రీ దాకా, సపోర్ట్ (పిల్లల ఖర్చులకి ఇచ్చే డబ్బు) ఇప్పిస్తారు. చైల్డ్ సపోర్ట్ గైడ్‌లైన్స్‌లో సెక్షన్ 7 చూడు. కాలేజీ ఖర్చులోంచి పిల్లాడి వంతు తీసేసి, మిగిలింది తల్లిదండ్రుల ఆదాయాల నిష్పత్తిలో పంచుతారు. బాబు వేసవి సంపాదన 5,000, గ్రాంటు 3,000 అనుకో. మిగిలేది 24,000. ఆయన వంతు 14,400, నీది 9,600. సగం సగం అంటే మాత్రం ఒప్పుకోకు.

స్కార్‌బరో_బాబాయ్:
లెక్క సరిగ్గానే ఉందమ్మా. ఒకటి ముందే తెలుసుకో: బాబు హాస్టల్లో ఉండే నెలలకు నీకు నెలనెలా వచ్చే సపోర్ట్ తగ్గొచ్చు. ఆర్‌ఈఎస్‌పీ, అదే పిల్లల పైచదువుకి డబ్బు దాచే ఖాతా, ఎవరి పేరున ఉంది? తెరిచినవాళ్ల చేతిలోనే ఉంటుంది ఆ ఖాతా. ఆ డబ్బు ఎవరి వాటా కింద లెక్కో ఇప్పుడే కాగితం మీద రాయించు. మా ఇంట్లో గొడవంతా దాని దగ్గరే వచ్చింది. కోర్టంటే భయమైతే, ఫ్యామిలీ కోర్టుల ద్వారా ప్రభుత్వ సాయంతో మీడియేషన్ (మధ్యవర్తి దగ్గర మాట్లాడుకుని తేల్చుకోవడం) దొరుకుతుంది. దాని ఫీజు ఆదాయాన్ని బట్టి ఉంటుంది.

యూనివర్సిటీ_అమ్మాయి:
ఆంటీ, డబ్బు అడిగే పని మాత్రం బాబుతో చేయించకండి. మా ఇంట్లో ఆ పని నాది. ఇప్పటికీ నాన్న ఫోన్ చేస్తే ముందు ఫీజు గురించేనేమో అని టెన్షన్. రసీదులు, మార్కులు మీరే ఈమెయిల్‌లో పంపండి.

బ్రాంప్టన్_అమ్మ:
ఆర్‌ఈఎస్‌పీ ఆయన పేరునే ఉంది బాబాయ్ గారూ. రేపు స్టేట్‌మెంట్ అడుగుతాను. మెయిల్ నేనే రాస్తానమ్మా, వాడిని మధ్యలోకి లాగను. మీడియేషన్‌కి వెళ్లినవాళ్లు ఏ కాగితాలు పట్టుకెళ్లాలో చెప్పగలరా?