జాంబీ వచ్చాడా, వచ్చిందా?

రాత్రి ఒక చవక జాంబీ సినిమా పెట్టుకుని చూస్తున్నాం. మా తమ్ముడు సబ్‌టైటిల్స్ చదవడు, కథ నేనే చెప్పాలి. ఒకణ్ణి జాంబీ కరవకముందు "వీడు తలుపు దగ్గరికి వస్తున్నాడు చూడు" అన్నాను. కరిచి చచ్చాక, నాకు తెలియకుండానే, "అదుగో, మళ్ళీ వస్తోంది" అన్నాను. అదే నటుడు, అదే చొక్కా. మేకప్ అంటే చెంపకి కాస్త ఎర్ర రంగు, అంతే. దర్శకుడు డబ్బుల్లేక వదిలేసిన పని నా క్రియాపదం చేసిపెట్టింది! మీరైతే 'జాంబీ వచ్చాడు' అంటారా, 'వచ్చింది' అంటారా?

జవాబు: 'వచ్చింది' అనే అంటానండీ. శవం, పీనుగ, దయ్యం అన్నీ అమహద్వాచకాలే ('అది' అనే మాటలే) కదా. బేతాళుడు మాత్రం 'వచ్చాడు'. ఉండేది శవంలోనే అయినా కథ చెబుతాడు, ప్రశ్న వేస్తాడు, తప్పు పడతాడు. మాట్లాడితే 'డు', మూలిగితే 'ది' అన్నమాట.

జవాబు: మరి ఆడ జాంబీ సంగతి? మనకి ఏకవచనంలో 'అమ్మాయి వచ్చింది', 'శవం వచ్చింది' ఒకటే. 1968 నాటి 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' గుర్తు చేసుకోండి. బార్బరాతో పుట్టిన జానీ (అన్నో తమ్ముడో తేల్చాల్సిన బాధ ఇంగ్లీషుకి లేదు) చచ్చి తిరిగొస్తాడు. నేలమాళిగలో పడుకోబెట్టిన చిన్నపిల్ల కరెన్ కూడా చచ్చి లేస్తుంది. జానీని 'వచ్చాడు' నుంచి 'వచ్చింది'కి దించాలి. కరెన్‌కి ఏమీ మార్చక్కర్లేదు. 'పిల్ల లేచింది', అంతే. ఆ మాట తల్లి సంతోషంగా అన్నా, మనం హడలిపోయి అన్నా అక్షరం తేడా లేదు.

బహువచనంలో ఈ వెసులుబాటు పోతుంది. మొదట్లో శ్మశానంలో జానీ, వాళ్ళు నీ కోసం వస్తున్నారంటూ బార్బరాని ఆటపట్టిస్తాడు. ఇంగ్లీషులో మనుషులకీ వస్తువులకీ ఒకటే సర్వనామం కాబట్టి అది చివరిదాకా సరిపోతుంది. తెలుగులో అక్కడ 'వస్తున్నారు', తర్వాత 'వస్తున్నాయి'. ఎక్కడ మార్చాలో డబ్బింగ్ రాసేవాళ్ళకి తలనొప్పే.

జవాబు: ఇంత గొడవ ఎందుకు, 'జీవచ్ఛవం' అని చక్కటి మాట ఉందిగా?

జవాబు: జీవత్ + శవం, సంధి బాగానే కుదిరింది. కానీ మనం ఆ మాట ఎవరి గురించి వాడతాం? బతికుండీ చచ్చినట్టు ఉన్నవాడి గురించి. జాంబీ చచ్చీ తిరుగుతుంది. దారి తిరగబడింది. అయితే 'జాంబీ' అనే మాట హైతీ నుంచి వచ్చింది, అక్కడ జాంబీ మనుషుల్ని తినదు. సొంత ఇష్టమంటూ లేకుండా ఇంకొకరికి చాకిరీ చేస్తుంది. 1932లో వచ్చిన 'వైట్ జాంబీ'లో చక్కెర మిల్లు దృశ్యం ఉంది. గానుగ తిప్పేవాళ్ళలో ఒకడు యంత్రంలో పడిపోతాడు, మిగతావాళ్ళు తల కూడా తిప్పకుండా తిప్పుతూనే ఉంటారు. వాళ్ళకి జీవచ్ఛవం అతికినట్టు సరిపోతుంది. మాంసం పీక్కుతినే రకం 1968 నాటి 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'తో మొదలైంది. తమాషా ఏమిటంటే ఆ సినిమాలో జాంబీ అనే మాటే వినబడదు, 'గూల్' అంటారు.

జవాబు: నా ఓటు 'నడపీనుగ'కి. శవం అంటే గొంతు తగ్గిస్తాం, పీనుగ అంటే తిట్టినట్టూ ఉంటుంది, నవ్వూ వస్తుంది. నలుపు తెలుపు సినిమా కదా అని రక్తానికి చాక్లెట్ సిరప్ పూసినవాటిని శవాలని గౌరవించడం నా వల్ల కాదు. ప్రేమతోనే అంటున్నాను, అలాంటివే నాకిష్టం. శవం పెద్ద బడ్జెట్‌కి ఉంచండి.

జవాబు: అడిగినవారు 'కాలిన్' చూడాలి. 2008, బ్రిటన్. 45 పౌండ్లతో తీశామని చెప్పుకున్నారు. జాంబీయే కథానాయకుడు, కెమెరా అతని వెంటే తిరుగుతుంది. అక్కడ మీ 'వచ్చింది' నిలబడుతుందేమో చూద్దాం.

(అడిగింది నేనే.) నిన్న చూశాం. మొదటి పది నిమిషాల్లోనే కాలిన్ చచ్చి లేచాడు. నేను పట్టుదలగా 'అది' అంటూనే కథ చెప్పాను. 'అది రోడ్డు మీదికొచ్చింది, అది పడిపోయింది.' తర్వాత అతని తోబుట్టువు అతన్ని గుర్తుపట్టి, తల్లి దగ్గరికి తీసుకెళ్ళింది. తల్లి ఎదురుగా నిలబడింది. నేను నోరు తెరిచేలోపే మా తమ్ముడు అడిగాడు, "ఒరేయ్, గుర్తుపట్టాడా?"