అల్గార్వ్‌లో మా అత్తయ్య మోకాళ్ళకి సరిపడే బీచ్ ఏదండీ?

మలక్‌పేట కోడలు:
అందరికీ నమస్కారం. సెప్టెంబర్ ఆఖర్లో మా ఆయన ఆఫీసు పని మీద లిస్బన్ వెళ్తున్నారు. ఆ వంకన నేనూ, మా అత్తయ్యా కూడా బయల్దేరుతున్నాం. ఆయన పని అయ్యాక ఐదు రోజులు పోర్చుగల్ దక్షిణ తీరం, అదే అల్గార్వ్, చూడాలని ప్లాన్.

అత్తయ్యకి 64 ఏళ్ళు. మోకాళ్ళు అరిగిపోయాయి. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఆగిన రోజు ఇంట్లోంచి కదలరు. కానీ పుట్టింది బాపట్లలో, సముద్రమంటే ప్రాణం. పెళ్ళయి ఇక్కడికొచ్చాక నలభై ఏళ్ళుగా హుస్సేన్ సాగరే సముద్రం అనుకుని సర్దుకుపోతున్నానంటారు. ఫోటోల్లో చూస్తే అన్నీ పసుపుపచ్చ కొండరాళ్ళ అడుగున చిన్న చిన్న బీచ్‌లే. వాటిలోకి దిగేదెలాగో ఎవరూ రాయలేదు. మా ఆయనకేమో అక్కడ సముద్రం ఒడ్డునున్న బెనాజిల్ గుహ చూడాలని పట్టుదల. ఏ ఊళ్ళో దిగితే మంచిది? అత్తయ్య చీరతోనే నీళ్ళలోకి దిగుతానంటున్నారు, ఎవరైనా ఏమైనా అంటారా? ఇంకోటి, మేం శాకాహారులం. కొంచెం టెన్షన్‌గా ఉంది.

చిక్కడపల్లి చిన్నోడు:
పోర్చుగల్‌కి కావాల్సిన యూరప్ వీసా, అదే షెంజెన్ వీసా, ఫీజే మనిషికి 90 యూరోలు. ఆ డబ్బుతో అత్తయ్యగారికి సూర్యలంకలో వారం రోజులు రూమ్ వస్తుంది అక్కా. ఊరికే అన్నాలే, వెళ్ళి రండి. వీసాకి 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, అది మర్చిపోకండి.

అల్వాల్ అంకుల్:
అమ్మా, పోయినేడు మా ఇంట్లోనూ ఇదే లొల్లి. మా అమ్మాయి లిస్బన్‌లో చదువుతోంది, నేనూ మా ఆవిడా చూడ్డానికి వెళ్ళాం. నాకు 66, ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. కాబట్టి మీ అత్తయ్యగారి తరఫు వకీలుని నేనే అనుకోండి.

అల్గార్వ్ ఒక తీరం కాదు, రెండు. ఫారో ఊరిని నడుమ పెట్టుకోండి. పడమటికి పోతే అల్బుఫెయిరా, లాగోస్. మీరు ఫోటోల్లో చూసిన కొండరాళ్ళన్నీ అటువైపే. తూర్పున తవీరా వైపు రాళ్ళే కనబడవు. ఒడ్డుకి ఎదురుగా బల్లపరుపు ఇసుక దీవులు, నడుమ రియా ఫొర్మోజా అని పెద్ద ఉప్పునీటి మడుగు. ఫోటోలకి పడమర, మోకాళ్ళకి తూర్పు. మేం ఈ సంగతి అక్కడికి పోయాకే తెలుసుకున్నాం.

ముందు లాగోస్‌లో దిగాం. కమీలో అనే బీచ్‌కి చెక్కమెట్లు రెండొందల దాకా ఉంటాయి. దిగేటప్పుడు లెక్కపెట్టడం మొదలెట్టాను, మధ్యలో మా ఆవిడ ఏదో అడిగింది, లెక్క తప్పింది. ఎక్కేటప్పుడు లెక్కపెట్టే ఓపిక లేదు. కింద అందం గురించి నన్నడగొద్దు, నిజంగా బాగుంది. ఎండ మాత్రం మాడు పగలగొడుతోంది. ఎక్కడా చెట్టు లేదు. సరేనని కొండ నీడలో తువాలు పరిచాం. ఇంతలో గార్డు విజిల్ వేసుకుంటూ వచ్చి అక్కడున్న బోర్డు చూపించాడు: రాయి పడుతున్నట్టు బొమ్మ. ఆ కొండలు చూడ్డానికి గట్టిగా ఉంటాయి గానీ మెత్తరాయి, విరిగి పడుతుంది. 2009లో అల్బుఫెయిరా దగ్గర మరియా లూయిజా బీచ్‌లో ఇలాగే రాయి కూలి ఐదుగురు పోయారు. ఇది రాత్రి హోటల్‌కొచ్చాక మా అమ్మాయి చెప్పింది. అప్పుడు పట్టింది చెమట.

సరే, నీడ వదిలి నీళ్ళ దగ్గరికి జరిగాం. అరగంట కునుకు తీసి లేచేసరికి నా ఎడమ చెప్పు నీళ్ళలో తేలుతోంది, కుడిది కనబడలేదు. అక్కడ ఆటుపోట్లు ఎక్కువమ్మా. అమావాస్యకి, పౌర్ణమికి మూడు మీటర్ల తేడా వస్తుంది. పొద్దున విశాలంగా ఉన్న బీచ్ మధ్యాహ్నానికి చాపంత అవుతుంది. బీచ్‌కి వెళ్ళే ముందు హోటల్‌లో పోటు, పాటు టైమ్‌లు అడగండి, పాటుకి, అంటే నీళ్ళు బాగా వెనక్కి తగ్గే వేళకి, రెండు గంటల ముందు దిగేలా చూసుకోండి. ఒంటి చెప్పుతో రెండొందల మెట్లు ఎక్కిన మనిషిగా చెబుతున్నా.

ఇక తూర్పు. తవీరాలో దిగండి. లిస్బన్ నుంచి ఫారోకి రైలు మూడు గంటలు, అక్కడ చిన్న రైలు మారితే తవీరా. ఊరికి కొంచెం దూరంలో బర్రీల్ అనే బీచ్ ఉంది. తేలే వంతెన ఒకటి దాటగానే బొమ్మ రైలు నిలబడి ఉంటుంది. ఒకప్పుడు ట్యూనా చేపలు పట్టేవాళ్ళు సామాన్లు మోసుకెళ్ళడానికి వేసుకున్న పట్టాలట. ఇప్పుడు దాని మీద మనల్ని కిలోమీటరు దూరం తీసుకెళ్ళి ఇసుక అంచున దింపుతారు. ఒక్క మెట్టు లేదు. 1960ల్లో ఆ ట్యూనా వేట ఆగిపోయింది. వలలకి కట్టే లంగర్లు వందకి పైగా ఇసుక దిబ్బ మీద వరసగా పాతి వదిలేశారు, తుప్పు పట్టి ఎర్రగా. మా ఆవిడ వాటి మధ్య చాలాసేపు తిరిగింది, సముద్రం వైపు కూడా చూడలేదు.

నీళ్ళు చల్లగా ఉంటాయి, ముందే చెబుతున్నా. అది అట్లాంటిక్. సెప్టెంబర్‌లో 20, 22 డిగ్రీలు. డిసెంబర్ పొద్దున మన సంపు నీళ్ళు గుర్తుచేసుకోండి. పడమటికంటే తూర్పున కాస్త నయం.

చీర సంగతి. ఎవరూ ఏమీ అనరు. మా ఆవిడ కాటన్ చీర కట్టుకుని దిగింది, తడిశాక అది ఇసుక బస్తా అయింది. పల్చటి సింథటిక్ చీర పెట్టుకోమనండి. ఒక ముసలావిడ దగ్గరికొచ్చి కొంగు చేత్తో పట్టుకు చూసి "బొనీతూ" అంది, అందంగా ఉందని. మా ఆవిడ ఇంకా ఆ మాట ఇంట్లో వాడుతోంది. తువాలుని వాళ్ళు "తువాల్య" అంటారు. అలమార, మేస్త్రి కూడా వాళ్ళ భాష నుంచి మనకొచ్చిన మాటలేనట. దుకాణంలో తువాలు అని అడిగితే ఇచ్చారు కూడా!

తిండి. కూర్చోగానే అడక్కుండా బ్రెడ్డు, ఆలివ్ కాయలు పెడతారు. ఫ్రీ కాదు, తింటే బిల్లు వేస్తారు, ముట్టుకోకపోతే వెయ్యరు. కల్దు వెర్ద్ అని ఆకుకూర సూప్ ఉంటుంది. చూడ్డానికి మనదే అనిపిస్తుంది గానీ అందులో సాసేజ్ ముక్క వేస్తారు, ముందే వద్దని చెప్పండి. పొడులు, అప్పడాలు పట్టుకెళ్ళండి, కిచెన్ ఉన్న రూమ్ తీసుకోండి. ఇంతకు మించి నేను వంట గురించి మాట్లాడితే మా ఆవిడ నవ్వుతుంది.

బెనాజిల్ గుహకి మీ ఆయన్ని ఒక్కర్నే పంపండి. 2024 నుంచి లోపలి ఇసుక మీద దిగనివ్వట్లేదు, ఈదుకుంటూ వెళ్ళడమూ కుదరదు. పడవలో కూర్చునే చూసి రావాలి. ఆ పడవ అలల మీద ఎగిరెగిరి పడుతుంది, నడుములకి మంచిది కాదు.

మలక్‌పేట కోడలు:
అంకుల్, ఎంత ఓపికగా రాశారు! తవీరా ఖాయం. ఒక్కటే అనుమానం. ఆ బొమ్మ రైలు నడవని రోజు?

అల్వాల్ అంకుల్:
మేం సాయంత్రం ఆఖరి రైలు తప్పిపోయాం, కాబట్టి దీనికీ అనుభవం ఉంది. పట్టాల పక్కనే చదునైన బాట. నెమ్మదిగా నడిస్తే ఇరవై నిమిషాలు. పాటు వేళ అయితే రెండు పక్కలా బురద తేలి ఉంటుంది, దాని నిండా పీతలు. మగవాటికి ఒక చెయ్యి పెద్దది, ఒకటి చిన్నది. ఆ పెద్ద చేతిని పైకీ కిందికీ ఊపుతుంటాయి, రా రమ్మని పిలిచినట్టు. అడుగు చప్పుడైతే చాలు, అన్నీ ఒకేసారి బొరియల్లోకి. కదలకుండా నిలబడితే ఒక్కొక్కటే మళ్ళీ బయటికొస్తాయి. నా మోకాలికి ఆగడానికి అదో సాకు దొరికింది.

మలక్‌పేట కోడలు:
అత్తయ్యకి మొత్తం చదివి వినిపించాను. చెప్పు పోయిన చోట బాగా నవ్వారు. తర్వాత గోడ మీది క్యాలెండర్ తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, సెప్టెంబర్ ఆఖర్లో తిథులు చూస్తూ కూర్చున్నారు. టికెట్ తేదీలు ఇంకా బుక్ చెయ్యొద్దన్నారు.