ఆఫెన్ (often)లో టి పలకాలా, మింగాలా?

పాతపుస్తకం: ఒక ఇంగ్లీషు సంగీత నాటకంలో ఒకాయన "అనాథ" అంటాడు, రెండోవాడికి "తరచుగా" అని వినబడుతుంది, ఇక చాలాసేపు అదే రభస. డైలాగు సగమే గుర్తుంది, నిన్నట్నుంచి బుర్ర తొలిచేస్తోంది. మా చెల్లెలు ఆఫెనా ఆఫ్టెనా అనడిగితే ఆ జోకుతో చెబ్దామనుకున్నా.

ఖండబిందువు: పైరేట్స్ ఆఫ్ పెన్జాన్స్ కదండీ, 1879, గిల్బర్ట్ రాసింది. ఆర్ఫన్, ఆఫెన్. టి పలికితే జోకు చచ్చినట్టే, అంటే అప్పట్లో స్టేజి మీద టి లేదనేగా. లిసన్ (listen), సాఫెన్ (soften), ఫాసెన్ (fasten) వీటిల్లో టి ఎవరూ అనరు, దీన్నొక్కదాన్నే ఎందుకు హింసించడం?

ప్రాసమైత్రి: టి సంగతి సరే, అచ్చు వదిలేశారేంటి సార్. ఇప్పుడు ఇంగ్లండులో ఎక్కువమంది ఆఫెన్‌ని పొట్టి అచ్చుతో అంటారు, ఆర్ఫన్‌లోది పొడుగు. అప్పట్లో ఇది కూడా పొడుగే, దాదాపు "ఓఫెన్", ఆర్ఫన్‌లో రేఫ, అదే ఆ ర్, వాళ్ళు ఎటూ పలకరు కాబట్టి రెండూ అతికాయి.

ఖండబిందువు: అచ్చు ఒప్పుకున్నా. కానీ ఆ టి అచ్చం మన అరసున్న. వాఁడు అని రాస్తే అర్ధబిందువు ఎవరన్నా పలుకుతారా? ఒకప్పుడు వాండు అని నిండు సున్న ఉండేదని గుర్తు, అంతే.

నిఘంటువుపురుగు: పోలిక సగం వరకే నడుస్తుంది. మనం పలకడం మానేసి చివరికి రాయడం కూడా మానేశాం. వాళ్ళు రాత వదల్లేదు, చదువులు పెరిగేకొద్దీ జనం అక్షరం చూసి టి మళ్ళీ పట్టుకొచ్చారు, ఇప్పుడు డిక్షనరీలు రెండూ ఇస్తున్నాయి. అయినా ఆఫ్ట్ అనే పాత మాటలో టి పలుకుతారుగా, దాని కొడుక్కి లేకపోతే ఎలా?

ప్రాసమైత్రి: రాయడం మానేశామా?! పద్యాలు రాసేవాళ్ళని అడగండి. ఏడు అంటే 7, ఏఁడు అంటే సంవత్సరం. అరసున్న ఉన్న అక్షరానికీ లేని అక్షరానికీ ప్రాస వేస్తే దానికి ఖండాఖండ ప్రాస అని పేరు కూడా ఉంది. పోతన భాగవతం పాత ప్రింటు తీయండి, పేజీ నిండా అరసున్నలే, ఇప్పటి ప్రింట్లలో అవి లేపేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నిఘంటువుపురుగు: పోతన చదివేటప్పుడు మీరు అరసున్న పలుకుతారా మరి?

ప్రాసమైత్రి: పలకను, కానీ కంటికి కనబడాలి.

ఖండబిందువు: నేనన్నదీ అదేగా, టి కూడా కంటికే!

పాతపుస్తకం: మా చెల్లెలికి ఏం చెప్పమంటారు?

ఖండబిందువు: టి లేకుండా నేర్పండి, అవతలివాళ్ళు టి పలికితే మాత్రం దిద్దొద్దనండి.

ప్రాసమైత్రి: ముందు ఆ అచ్చు దిద్దండి.