పక్క తబేలాలో గ్లాండర్స్ వచ్చింది: గుర్రాలను ఇంటి దగ్గరే ఉంచాలా, వేరే ఊరికి తోలాలా?

రెండు_ఆడగుర్రాలు (ధర్మాబాద్):
మా ఇంటికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న తబేలాలో ఒక గుర్రానికి గ్లాండర్స్ అనే అంటురోగం ఉందని తేలింది. నావి రెండు ఆడగుర్రాలు, ఒక పిల్ల. పెండ్లి బారాతులే మా బతుకు, ఈ నెలలో ఆరింటికి బయానా తీసుకున్నాను. ఇప్పుడైతే గుర్రాలను బయటికి తీయడం లేదు. బకెట్లు, కళ్లేలు, ఖరారా (ఒళ్లు రుద్దే బ్రష్) దేనిది దానికే వేరు చేశాను. బాసర వైపు మా బావమరిది ఊరికి తోలుకపొమ్మని కొందరు అంటున్నారు. ఏం చేయాలి?

పాత_సయీసు (నాందేడ్):
తమ్మీ, తోలకు. ఈ రోగానికి టీకా లేదు. జబ్బు గుర్రం ముక్కు చీమిడి పడ్డ నీళ్లు, దాణా, తొట్టి, జీను, ఎక్కువగా వీటితో అంటుకుంటుంది. ముక్కులో పుండ్లు, జిగట చీమిడి, ఒంటి మీద వరసగా గడ్డలు కనిపిస్తాయి. కొన్ని గుర్రాలు నెలల తరబడి మామూలుగానే ఉండి పక్కవాటికి అంటిస్తాయి. తొట్టి బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండబెట్టు. లాడాలు కొట్టే ఆయన ఆ తబేలాకూ పోతున్నాడా అడుగు, పోతుంటే నీ ఇంటికి రానివ్వకు. నీ చేతికి గాయముంటే గుర్రాన్ని ముట్టకు, ఇది మనుషులకూ వస్తుంది.

గుర్రాల_భాయ్ (బిలోలి):
అంత టెన్షన్ అక్కర్లేదు. 2025లో కేంద్రం రూల్ మార్చింది. రోగం వచ్చిన చోటు చుట్టూ గుర్రాలను కదలనివ్వని ప్రాంతం 5 కిలోమీటర్లు ఉండేది, ఇప్పుడు 2. నీది మూడు. నిన్నెవరూ ఆపలేరు.

పాత_సయీసు:
2 నుంచి 10 కిలోమీటర్ల దాకా నిఘా ఉంటుంది, అదీ రాయాలి కదా భాయ్.

గుర్రాల_భాయ్:
నిఘా వేరు, ఆపడం వేరు. నేను అన్నది 2 గురించి.

కుండల్వాడి_రాజు:
మూడు కిలోమీటర్లు రోడ్డు మీదనా, చేన్ల మీదుగనా? రోడ్డు చాలా చుట్టు తిరుగుతుంది.

పాత_సయీసు:
దూరం పక్కన పెట్టండి. తమ్మీ, ఆ తబేలా గుర్రాలతో నీవి ఎప్పుడైనా ఒకే బారాతులో నిలబడ్డాయా? నిలబడితే డాక్టర్‌కు చెప్పి వాటి రక్తం టెస్టుకు ఇప్పించు.

గుర్రాల_భాయ్:
రక్తం ఇస్తే ఏమవుతుందో నన్ను అడగండి. నా మగగుర్రం ఆ రోజు కూడా గడ్డి తింటూనే ఉంది, ముక్కు కారలేదు. రిపోర్టు వచ్చిందని ఇంజెక్షన్ వేసి చంపి గుంతలో పూడ్చారు. లక్షన్నర పెట్టి కొన్నది. చేతికి వచ్చింది 25,000, అదీ ఏడాదిన్నర తిరిగాక. మా నాన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు.

పాత_సయీసు:
బాధ నాకు తెలుసు. కానీ ఒక్క టెస్టుతో చంపరు. మొదట ఎలీసా అనే రక్తపరీక్ష చేస్తారు, పాజిటివ్ వస్తే ఇంకో టెస్టు చేస్తారు. హిసార్‌లోని గుర్రాల పరిశోధన కేంద్రం ఖాయం చేశాకే చంపుతారు. నా రెండు గుర్రాలు ఎందుకు పోయాయో చెప్తాను. పక్కవాడు ముక్కు కారే గుర్రానికి మందులిచ్చి ఎవరికీ చెప్పకుండా దాచాడు. మా తొట్టిలోనే తాగించాడు.

గుర్రాల_భాయ్:
అంటే నేను దాచేవాణ్ణా?

పాత_సయీసు:
ఆ మాట నేను అనలేదు. నువ్వే అంటున్నావు.

గుర్రాల_భాయ్:
అవును, దాచాను! నిన్న రాత్రి టెంపోలో నా ఆడగుర్రాన్ని బాసర అవతలికి పంపాను. ఇంకో 25,000 కోసం దాన్ని నా చేతులతో చావుకు పంపాలా? దాని విలువలో సగం ఇస్తామంటే నేనే డాక్టర్ దగ్గరికి తోలుకపోయేవాణ్ణి. మీ అందరికీ రోగం భయం, నాకు అప్పు భయం.

పాత_సయీసు:
పరిహారం తక్కువన్నది నిజం భాయ్, దాని మీద నేను నీ వైపే. గుర్రంతో బతికేవాణ్ణి 25,000 నిలబెట్టదు. కానీ 2009 పశువుల అంటురోగాల చట్టం ప్రకారం అనుమానం వస్తే చెప్పడం మన బాధ్యత. పోయిన గుర్రం అక్కడ ఇంకెన్నిటితో కలుస్తుందో నీకు తెలుసా?

రెండు_ఆడగుర్రాలు:
నేను గుర్రాలను తోలడం లేదు. బయానాలు వాపసు ఇస్తున్నాను, రేపు డాక్టర్ వచ్చి రక్తం తీసుకుంటారు. భాయ్, బాసర అవతల అంటే మా బావమరిది ఊరేనా? అక్కడ ఊరందరి గాడిదలు, గుర్రాలు ఒకటే తొట్టిలో తాగుతాయి. నీది తాగిందా లేదా, ఆ ఒక్కటి ఈ రాత్రే చెప్పు.