మా కాలనీ పార్కు ఆక్రమణ ఆపాలంటే ముందు ఎక్కడికి వెళ్లాలి?

అందరికీ నమస్కారం. ఆదివారం తెల్లవారుజామునే హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టలెక్కడం నాకూ మా అమ్మాయికీ నాలుగేళ్ల అలవాటు, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి ఆ గ్రానైట్ బండల మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీలు తింటుంటే వారమంతా పడ్డ టెన్షన్ పోతుంది. మిగతా రోజుల్లో మాకు దిక్కు ఇంటి పక్కనున్న చిన్న పార్కే.

ఇప్పుడు దానికే ముప్పొచ్చింది. పోయిన వారం వెనక ప్రహరీ కూల్చి ఎవరో ఇటుకలు, ఇసుక దింపారు. పెద్ద కానుగ చెట్టు చుట్టూ బెరడు వలిచేశారు, చేత్తో తాకితే ఇంకా తడిగానే ఉంది. అలా వదిలేస్తే చెట్టు ఎండిపోతుంది కదా, చాలా బాధగా ఉంది.

లేఅవుట్‌లో అది పార్కు స్థలమని పెద్దవాళ్లంటున్నారు కానీ కాగితం ఎవరి దగ్గరా లేదు. మంజూరైన లేఅవుట్ కాపీ కోసం సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి, అప్పటికి గోడ లేచిపోతే? ముందే హైడ్రాకి (ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) ఫొటోలతో ఫిర్యాదు చేయొచ్చా? 2025లో కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపింది, మాలాంటి చిన్న కాలనీ వాళ్లు హైకోర్టుకు వెళ్లాలంటే ఖర్చు ఎంతవుతుంది? ఆ కానుగ చెట్టును బతికించే మార్గం తెలిసినవాళ్లు అది కూడా చెప్పండి, ప్లీజ్.