"హృన్మేదస్తు": ఈ 'హృత్' ఎవరిది?

(మాట్లాడేవారిని వారి పేటల పేర్లతోనే పిలుస్తున్నాం.)

కొరిటెపాడు: కొవ్వు కణాల మీద పిల్లలకు పాఠం రాస్తూ ఆగిపోయాను. చిన్నప్పుడు వల్లె వేయించిన అమరకోశంలో, అదే అమరుడి సంస్కృత పర్యాయపద నిఘంటువులో, "హృన్మేదస్తు వపా వసా" అన్న తోక ఒక్కటే గుర్తుంది. ఇక్కడ మేదస్సు గుండె దగ్గరి కొవ్వేనా, ఒంట్లో కొవ్వంతానా? లిపోలైసిస్‌కు, అంటే కణంలో దాచిన కొవ్వు ముక్కలవడానికి, 'మేదోవిచ్ఛేదం' అని పెడదామనుకుంటున్నా.

పటమట: దాని ముందు "బుక్కాగ్రమాంసం హృదయం" ఉంది మాష్టారూ. హృత్ ఆ హృదయానికే పర్యాయం. మేదస్సు దగ్గర కొత్త పద్దు, వప, వస దాని పర్యాయాలు. 'తు' పడిన మాట వెనకటి పద్దులోకి పోదని అమరుడే మొదట్లో చెప్పాడు, "త్వంతాథాది న పూర్వభాక్" అని.

సత్యనారాయణపురం: తొందరపడకండి. హృన్మేదస్సు మొత్తం ఒకే సమాసమైతే? అప్పుడూ 'తు' దాని చివరే కదా, సూత్రం చెడదు. గుండె కొవ్వే వప అంటాను నేను.

పటమట: మరి ఆయుర్వేదం ఒంటికి చెప్పే ఏడు ధాతువుల్లో, ఆ సప్తధాతువుల్లో, మేదస్సుకు గుండె ఎక్కడుందండీ?

బ్రాడీపేట: మెడిసిన్ చదివినవాడిగా ఒక మాట. ముందు ఆ 'ద'ను కాపాడండి. పిల్లలు 'మేధోవిచ్ఛేదం' అని రాస్తే విరిగేది తెలివి! 'కొవ్వు కరగడం' కూడా నాకు నచ్చదు. ఒంటి వేడికి కణంలోని కొవ్వు బొట్టు నూనెలాగే ఉంటుంది, కొత్తగా కరిగేదేముంది? జరిగేది కోత. ఒక గ్లిసరాల్‌ను పట్టుకున్న మూడు ఫ్యాటీ ఆమ్లాలు ఒక్కొక్కటే తెగుతాయి. బొట్టు చుట్టూ పెరిలిపిన్ అనే ప్రోటీన్ కాపలా. పస్తున్నప్పుడు ఇన్సులిన్ తగ్గి, నోరడ్రినలిన్ అనే హార్మోన్ పెరిగి, కణంలో పీకేఏ అనే ఎంజైము మేల్కొని పెరిలిపిన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. దాంతో కాపలా సడలి, కోసే ఎంజైములకు దారి దొరుకుతుంది. అన్నం తినగానే ఇన్సులిన్ పెరిగి కోతకు పగ్గం వేస్తుంది. మొదటి కోత హెచ్‌ఎస్‌ఎల్ అనే ఎంజైముదే అనుకునేవారు. 2004లో ఏటీజీఎల్ అనే మరో ఎంజైము బయటపడ్డాక హెచ్‌ఎస్‌ఎల్ వంతు రెండోదైంది.

లబ్బీపేట: ఇంత సంస్కృతం ఎందుకు, మన క్రొవ్వు లేదూ? కొవ్వు, పొగరు రెండూ ఆ ఒక్క మాటలోనే. కీచకుడికి పట్టింది ఏ కొవ్వో తిక్కనను చదివినవాళ్లకు తెలుసు.

బ్రాడీపేట: తిక్కన మా గుంటూరు సొత్తు. తాత భాస్కరమంత్రి ఇక్కడివాడే.

లబ్బీపేట: తాత మీవాడైతే సరా? భారతం రాసినవాడు నెల్లూరి వాడండీ.

సత్యనారాయణపురం: నెల్లూరైనా గుంటూరైనా, నా హృత్ సంగతి తేల్చండి. పటమట వారు జవాబే ఇవ్వలేదు.

పటమట: ఇచ్చాను. మీరే ఒప్పుకోవడం లేదు.

కొరిటెపాడు: అయ్యా, పొద్దున ఎనిమిదింటికి నా పీరియడ్. ప్రస్తుతానికి 'కొవ్వు విరగడం' అని రాసేస్తున్నా.

లబ్బీపేట: విరగడమా? పాలు విరిగినట్టా?