అప్‌డేట్: ఎయిర్ లైన్ వేసేశా

ఇంటి వర్క్‌షాప్‌లో కంప్రెసర్ నుంచి టూల్స్‌కి గాలి తెచ్చే లైన్‌కి పీవీసీ సరిపోతుందా, రాగి పైపు వేయాలా అని అడిగాను కదా. పీవీసీ మాట వదిలేశా. గాలి ఒత్తిడిలో పగిలితే ముక్కలై ఎగురుతుందట, మనకెందుకా గొడవ! ముప్పావు అంగుళం రాగి పైపే వేశా.

మెయిన్ లైన్ దూరం వెళ్లేకొద్దీ కాస్త కిందికి వాలేలా బిగించా. డ్రాపులన్నీ (టూల్స్ దగ్గరికి దిగే కొమ్మ పైపులు) మెయిన్ పైభాగం నుంచి తీసి, వంపు తిప్పి దించా. అందువల్ల గాలిలోని తేమ వల్ల పైపులో చేరిన నీళ్లు టూల్‌లోకి దిగకుండా చివరనున్న డ్రెయిన్ వాల్వ్‌కి పోతాయి. నిన్న తిప్పితే తుప్పు రంగు నీళ్లు బుస్సున చిమ్మాయి (ట్యాంకులోదే అయ్యుంటుంది, రాగికి ఆ రంగెక్కడిది?). కంప్రెసర్ అదురు జాయింట్లకు తగలకుండా దానికీ పైపుకీ మధ్యలో రబ్బరు హోస్ పెట్టా.

సబ్బు నురగ రాస్తే ఒకచోట బుడగలొచ్చాయి. టెఫ్లాన్ టేప్ మళ్లీ చుట్టాక ఆగాయి. స్ప్రే గన్‌కి ఫిల్టర్ ఇంకా కొనాలి.